ఎముకల లెక్క పేగులోనే తేలాలి

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. పసితనంలోనే సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో, క్లోమగ్రంథిలో స్రావాలు చిక్కబడే జన్యు వ్యాధి) అని తేలింది. క్లోమగ్రంథి పనిచేయదు కాబట్టి తిన్న ప్రతిసారీ ఎంజైమ్ క్యాప్సూల్స్ వేస్తున్నాం. ఏడాదిగా బరువు పెరగడం లేదు, కడుపు ఉబ్బరంగా ఉంటోంది, క్యాప్సూల్స్ మోతాదు రెండుసార్లు పెంచినా మలం జిడ్డుగానే వస్తోంది. రక్తపరీక్షలో సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే వ్యాధి) యాంటీబాడీలు మామూలు పరిమితికి మూడు రెట్లున్నాయి. ఎండోస్కోపీకి నెల తర్వాత తేదీ ఇచ్చారు. అప్పటిదాకా ఆగడమెందుకని రెండు వారాలుగా గోధుమ పూర్తిగా మాన్పించాను. ఈలోగా ఎముకల సాంద్రత చూడడానికి తీసిన డెక్సా స్కాన్‌లో వెన్నెముక జెడ్ స్కోరు మైనస్ 2.4 వచ్చింది, కాగితం మీద ‘ఆస్టియోపోరోసిస్’ (ఎముకలు గుల్లబారడం) అని రాశారు. కాల్షియం మాత్రలు రెట్టింపు చేయమంటారా? ఎముకలకు ఏడాదికోసారి వేసే ఇంజెక్షన్ ఉందట, అది వేయించాలా? వాడి చెల్లెలికి ఏ జబ్బూ లేదు. — ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా మీరు అడగని విషయం చెప్పాలి, ఎందుకంటే అది నాలుగు వారాల్లోగా చక్కదిద్దుకోవలసిన పని. గోధుమ మాన్పించిన సంగతి ఎండోస్కోపీ చేయబోయే వైద్యుడికి వెంటనే చెప్పి, ఆయన సరేనన్నాక బాబుకు మళ్లీ మొదలుపెట్టండి. కాల్షియం రెట్టింపు చేయవద్దు. ఇంజెక్షన్ ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ మూడు మాటలకూ కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సీలియాక్ వ్యాధిని నిర్ధారించే పరీక్షలన్నీ శరీరం గ్లూటెన్ మీద ఎంత తిరగబడుతోందో చూసేవే. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ఆ మాంసకృత్తి లోపలికి వెళ్లడం ఆగిపోతే రక్తంలో యాంటీబాడీలు తగ్గుముఖం పడతాయి, చిన్నపేగు పొర మానడం మొదలవుతుంది. సగం మానిన పేగులోంచి ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే అవుననీ చెప్పలేని, కాదనీ చెప్పలేని ఫలితం వస్తుంది. అందుకే పరీక్షకు ముందు కనీసం ఆరు వారాల పాటు రోజూ ఒకటికి మించిన పూటలు గ్లూటెన్ ఉన్న ఆహారం తినాలంటారు. మీ అబ్బాయి మానేసి రెండు వారాలే అయింది కాబట్టి పెద్ద నష్టం జరిగి ఉండదు. అవసరమైతే తేదీని కొన్నాళ్లు వెనక్కి జరపమని అడగండి. ఊపిరితిత్తులు తేటగా, దగ్గు అదుపులో ఉన్న రోజుల్లో మత్తు ఇవ్వడం ఎలాగూ మంచిదే.

మూడు రెట్లు పెరిగాయని చెబుతుంటే ఇంకా సందేహమెందుకని మీరు అడగవచ్చు. యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సీలియాక్ కోసం చూసే టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీ మామూలు పరిమితికి 10 రెట్లు గాని అంతకు మించి గాని ఉండి, మరోసారి తీసిన రక్తంలో ఎండోమైసియల్ అనే మరో యాంటీబాడీ కూడా కనిపిస్తే బయాప్సీ (పేగు ముక్క తీసి చూడడం) లేకుండానే పిల్లల్లో వ్యాధిని నిర్ధారించవచ్చు. మూడు రెట్లు ఆ గీతకు చాలా దూరంలో ఉంది. పైగా సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవారిలో ఏళ్ల తరబడి ఉండే ఇన్‌ఫెక్షన్ల వల్ల రోగనిరోధక వ్యవస్థ ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది కనుక, కొద్దిపాటి యాంటీబాడీల పెరుగుదలను ఆచితూచి అర్థం చేసుకోవాలి. రక్తంలో ఐజీఏ జాతి యాంటీబాడీలు మొత్తం ఎంత ఉన్నాయో కూడా కొలిచారేమో చూడండి, అది లేకుండా టీటీజీ ఫలితానికి పూర్తి అర్థం రాదు. అనుమానం మిగిలితే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యు పరీక్ష ఉపయోగపడుతుంది. ఆ రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నట్టు మాత్రం కాదు, ఏ జబ్బూ లేని జనంలోనూ మూడో వంతు మందికి పైగా అవి ఉంటాయి. బయాప్సీ చేసేటప్పుడు డుయోడినమ్‌లో (చిన్నపేగు మొదలు) ఒకటి కాదు, కనీసం నాలుగైదు చోట్ల నుంచి, దాని మొదటి భాగం నుంచి కూడా ముక్కలు తీయాలి, ఎందుకంటే దెబ్బ అక్కడక్కడా మచ్చలుగా ఉండవచ్చు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఇది. సీలియాక్ అని తేలితే అబ్బాయి జీవితాంతం గ్లూటెన్ మానాలి. ఆకలి అంతంతమాత్రమై, మామూలు పిల్లలకన్నా ఎక్కువ కేలరీలు తినవలసిన పిల్లవాడి పళ్లెంలోంచి ఒక ప్రధాన ధాన్యాన్ని తీసేయడం చిన్న విషయం కాదు. అవసరమైతే తప్పక తీసేయాలి, అవసరమా కాదా అన్నది మాత్రం ఊహ మీద నడవకూడదు.

ఈ రెండు వ్యాధుల బంధుత్వం పాతది. 1938లో న్యూయార్క్‌లో డొరోతీ ఆండర్సన్ అనే పాథాలజిస్టు, సీలియాక్ అనే ముద్రతో చనిపోయిన పిల్లల శవపరీక్షల్లో క్లోమగ్రంథి మచ్చకట్టి తిత్తులతో నిండి ఉండడం గమనించి, ఇది వేరే వ్యాధి అని విడదీసి రాశారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్న పేరు అలా పుట్టింది. అప్పట్లో సీలియాక్ పేరు వెనక సిస్టిక్ ఫైబ్రోసిస్ దాగింది, ఇప్పుడు తరచు దానికి తలకిందులుగా జరుగుతోంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లవాడికి మలం జిడ్డుగా వస్తే, బరువు ఆగితే, ఉబ్బరం ఉంటే, అందరి చూపూ క్యాప్సూల్స్ మోతాదు మీదికే పోతుంది. మీ ఇంట్లోనూ అదే జరిగింది. జనాభాలో సుమారు నూటికి ఒకరికి ఉండే సీలియాక్, యూరప్‌లో జరిగిన కొన్ని పరిశీలనల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవారిలో దానికి రెండు మూడు రెట్లు కనిపించింది. అంటే అరుదేమీ కాదు, ఎవరో ఒకరు వెతకాలి, అంతే. మీ వైద్యులు వెతికారు, అది మెచ్చుకోవలసిన పని.

క్యాప్సూల్స్ పెంచినా ఫలితం ఎందుకు రాలేదో ఇప్పుడు చూద్దాం. తిన్నదాన్ని ముక్కలు చేసే పని క్లోమరసానిది, ఆ ముక్కలను లోపలికి తీసుకునే పని చిన్నపేగు గోడ మీద వెల్వెట్ గుడ్డ నూగులా లేచి ఉండే సన్నని మొలకలది. సిస్టిక్ ఫైబ్రోసిస్ మొదటి పనిని చెడగొడుతుంది, క్యాప్సూల్ ఆ లోటును పూడుస్తుంది. సీలియాక్ రెండో పనిని చెడగొడుతుంది, నూగు అరిగిపోయి గోడ నున్నగా తయారవుతుంది. అరిగిన గోడకు క్యాప్సూల్‌లో మందు లేదు. అందుకని మోతాదును ఇంకా పెంచుకుంటూ పోవద్దు. క్యాప్సూల్‌లో కొవ్వును అరిగించే ఎంజైమ్ అయిన లైపేజ్ యూనిట్ల లెక్కలో రోజుకు కిలో బరువుకు 10,000 దాటకూడదన్న హద్దు ఊరికే పెట్టింది కాదు. 1990లలో మరీ ఎక్కువ మోతాదులు తీసుకున్న పిల్లల్లో పెద్దపేగు గట్టిపడి సన్నబడిపోవడం చూశాకనే ఆ హద్దు వచ్చింది. క్యాప్సూల్ డబ్బా మీద ఉన్న సంఖ్యను రోజుకు వేసే క్యాప్సూల్స్ సంఖ్యతో గుణించి, బాబు బరువుతో భాగించి చూడండి. హద్దుకు దగ్గరగా ఉంటే ఈ వారమే వైద్యుడికి చెప్పండి.

ఇక ఎముకల సంగతి. కాల్షియాన్ని ఎక్కువ చురుకుగా లోపలికి తీసుకునేది చిన్నపేగు మొదటి భాగం, సీలియాక్ ముందుగా దెబ్బకొట్టేదీ అక్కడే. మరోవైపు అరగని కొవ్వు పేగులో మిగిలిపోయి, కాల్షియంతో కలిసి అక్షరాలా సబ్బులా మారి మలంతో పోతుంది. మీరు చూస్తున్న ఆ జిడ్డులో మీరు మింగించిన మాత్రల్లో కొంత భాగం కూడా ఉందన్నమాట. కొవ్వుతో పాటే లోపలికి వెళ్లవలసిన ఎ, డి, ఇ, కె విటమిన్లూ అదే దారి పడతాయి. డి తగ్గితే ఉన్న కాల్షియమూ ఒంటికి పట్టదు. రక్తంలో కాల్షియం పడిపోకుండా చూసే పారాథైరాయిడ్ గ్రంథులు అప్పుడు ఎముకల నుంచి అప్పు తీసి రక్తానికి జమ చేస్తాయి. అందువల్లే రక్తపరీక్షలో కాల్షియం మామూలుగా కనిపిస్తూ, ఎముక మాత్రం పలచబడుతూ ఉంటుంది. ఎముకలో కాల్షియాన్ని పట్టి ఉంచే మాంసకృత్తి పనిచేయడానికి విటమిన్ కె కావాలి. దాన్ని కొంతమేరకు తయారుచేసే పేగు సూక్ష్మజీవులు నెలల తరబడి వాడే యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతాయి.

వీటికి తోడు సిస్టిక్ ఫైబ్రోసిస్ సొంతంగా చేసే నష్టం ఒకటుంది. ఊపిరితిత్తుల్లోని వాపు వల్ల రక్తంలోకి వచ్చే రసాయనాలు ఎముకను తినే కణాలను రెచ్చగొడతాయి. స్టెరాయిడ్లు వాడితే అది రెట్టింపవుతుంది. బరువు తక్కువైతే యవ్వనం ఆలస్యమవుతుంది. ఈ వ్యాధికి మూలమైన జన్యువు ఎముకను కట్టే కణాల్లోనూ పనిచేస్తుంది కనుక, అక్కడా లోపం ఉంటుంది.

మీ అబ్బాయి వయసు ఇక్కడ కీలకం. ఎత్తు వేగంగా పెరిగే రెండేళ్ల కాలంలోనే మనిషి పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో సుమారు నాలుగో వంతు చేరుతుంది. ఆ రెండేళ్లు మీ వాడికి ఇప్పుడు నడుస్తూ ఉండవచ్చు, లేదా ఆలస్యంగా మొదలు కావచ్చు. వాడికి యవ్వన లక్షణాలు ఎంతవరకు వచ్చాయో వైద్యుడు పరీక్షించారా అని అడగండి. ఈ ప్రశ్నను తల్లిదండ్రులు మొహమాటంతో, వైద్యులు తొందరలో వదిలేస్తుంటారు. నా దృష్టిలో 14 ఏళ్ల ఎముకకు సంబంధించి ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు తక్కువ.

ఆ డెక్సా కాగితాన్ని ఒకసారి ముందు పెట్టుకోండి. దాని మీద సాధారణంగా గ్రాముల్లో ఎముక సాంద్రత, టీ స్కోరు, జెడ్ స్కోరు అనే గడులుంటాయి. టీ స్కోరు ఉంటే దాన్ని కొట్టేయండి, అది బాబును పూర్తిగా ఎదిగిన పెద్దవారితో పోలుస్తుంది. జెడ్ స్కోరు అదే వయసు పిల్లలతో పోలుస్తుంది, మనకు కావలసింది అదే, కానీ దానిలోనూ ఒక చిక్కుంది. డెక్సా యంత్రం ఎముక లోతును చూడలేదు. అది నీడను కొలిచినట్టు, వైశాల్యానికి ఎంత ఖనిజం ఉందో మాత్రమే చెబుతుంది. ఎత్తు తక్కువున్న పిల్లవాడి ఎముకలు చిన్నవి కాబట్టి, అవి గట్టిగానే ఉన్నా సాంద్రత తక్కువని చూపిస్తుంది. కాగితం పైన రాసిన ఎత్తును చూడండి, అసలు ఎత్తు రాశారో లేదో కూడా చూడండి. వాడు తన వయసువాళ్లకన్నా పొట్టిగా ఉంటే, ఎత్తుకు సవరించిన జెడ్ స్కోరు ఎంత అని అడగండి. మైనస్ 2.4 కాస్తా అంతకంటే మెరుగైన అంకెగా తేలే అవకాశం ఉంది.

ఇక ‘ఆస్టియోపోరోసిస్’ అన్న మాట. పెద్దల్లో స్కాన్ అంకెను బట్టి ఆ పేరు పెడతారు, పిల్లల్లో అంకె ఒక్కటే చాలదు. పెద్ద దెబ్బేదీ తగలకుండా వెన్నుపూస కుంగి ఉండాలి, లేదా జెడ్ స్కోరు మైనస్ 2 గాని అంతకు తక్కువ గాని ఉంటూ, కాళ్లూ చేతుల పొడవాటి ఎముకలు 10 ఏళ్లలోపు రెండుసార్లయినా, 19 ఏళ్లలోపు మూడుసార్లయినా విరిగి ఉండాలి. మీ లేఖలో ఎముక విరిగిన మాటే లేదు. కనుక ‘వయసుకు తగినంత ఖనిజం లేదు’ అనడం సరైన మాట, గుల్లబారిపోయాయనడం తొందరపాటు. అయితే వెన్నుపూసలు నొప్పి లేకుండా కూడా కుంగుతాయి కాబట్టి పక్క నుంచి తీసే వెన్నెముక ఎక్స్‌రే ఒకటి తీయించడం మంచిది. పక్కటెముకలో గాని వెన్నులో గాని పగులు వస్తే ఈ పిల్లలు నొప్పికి భయపడి గట్టిగా దగ్గరు, కఫం లోపలే నిలిచిపోతుంది. ఎముకల గురించి మేం ఇంత పట్టించుకోవడానికి అసలు కారణం అదే.

కాల్షియం ఎందుకు రెట్టింపు చేయవద్దన్నానో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. 9 నుంచి 18 ఏళ్ల వయసులో ఆహారం, మాత్రలు అన్నీ కలిపి రోజుకు 1,300 మిల్లీగ్రాములు అందితే సరిపోతుంది. పాలు, పెరుగు ఎంత తీసుకుంటున్నాడో లెక్కవేసి, తక్కువైనది మాత్రతో భర్తీ చేయండి, అది కూడా ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించకుండా, భోజనంతో. అంతకు మించినది ఎముకకు చేరదు. రాళ్లు కట్టే స్వభావం ఈ వ్యాధిలో ఎలాగూ ఉంటుంది కనుక, మూత్రపిండాలకు అదనపు భారం పెట్టకండి. దీనికన్నా ముందు విటమిన్ డి సంగతి తేల్చండి. 25 హైడ్రాక్సీ విటమిన్ డి మిల్లీలీటరుకు 30 నానోగ్రాములకు తగ్గకూడదు. తగ్గితే డి3 మోతాదు పెంచి, మూడు నెలలకు మళ్లీ కొలిపించాలి. అన్ని రోజులూ మాత్ర వేశామంటారు, తీరా చూస్తే పరగడుపున, ఎంజైమ్ లేకుండా వేసి ఉంటారు. ఈ విటమిన్లను కొవ్వున్న భోజనంతో, క్యాప్సూల్‌తో కలిపి వేస్తేనే ఒంటికి పడతాయి. అదే రక్తంతో పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఫాస్ఫరస్, విటమిన్ ఎ, ఇ, రక్తం గడ్డకట్టే సమయం, ఇనుము, ఫోలేట్ కూడా చూడమనండి. సీలియాక్ ఉంటే చివరి రెండూ తరచు తగ్గి ఉంటాయి.

బయాప్సీలో సీలియాక్ అని తేలిందనుకుందాం. అప్పుడు గ్లూటెన్ మానడంలో రాజీ లేదు, ‘కొంచెమే కదా’ అన్న మాట పనికిరాదు. పొట్లం మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అయితే ఆ ముద్ర అందులో గ్లూటెన్ లేదని మాత్రమే హామీ ఇస్తుంది, కేలరీలు ఉన్నాయని కాదు, ఇనుము ఉందని కాదు, పీచు ఉందని కాదు. నేను ఎక్కువ భయపడేది ఇక్కడే. పేగు మానుతుండగానే పిల్లవాడు కిలో, రెండు కిలోలు తగ్గిపోతే, సీలియాక్ విషయంలో గెలిచి ఎముక విషయంలో ఓడినట్టవుతుంది. గోధుమ పోయిన చోట నూనె, నెయ్యి, గింజలు, గుడ్లు, గ్లూటెన్ లేని ధాన్యాలు ముందుగానే వచ్చి కూర్చోవాలి. అందుకు సిస్టిక్ ఫైబ్రోసిస్ తెలిసిన పోషకాహార నిపుణులతో కూర్చుని, మాన్పించే రోజుకు ముందే పట్టిక తయారు చేసుకోండి. ఇన్నేళ్లుగా ‘తిను, ఇంకాస్త తిను’ అన్న ఇంట్లోనే రేపటి నుంచి ‘అది ముట్టుకోకు’ అని వినవలసి వస్తే 14 ఏళ్ల కుర్రాడు ఏమనుకుంటాడో కూడా ఆలోచించండి. పట్టిక వేసేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేతే రాయించండి.

ఈ మార్పులో జాగ్రత్తపడవలసినవి మరికొన్ని ఉన్నాయి. బాబు సీఎఫ్‌టీఆర్ మాడ్యులేటర్ (సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు మూలమైన లోపాన్నే సరిచేసే మందు) వాడుతుంటే, దాన్ని కొవ్వున్న ఆహారంతోనే వేయాలి. కొత్త ఆహారంలో ఆ పూట కొవ్వు తగ్గిపోతే మందు ఒంటికి సరిగా పట్టదు. పేగు మానేకొద్దీ ఎంజైమ్ మోతాదును, కొన్నాళ్లకు విటమిన్ ఎ మోతాదును తగ్గించవలసి రావచ్చు. మాడ్యులేటర్ వాడేవారిలో విటమిన్ ఎ హద్దు మీరడం చూస్తున్నాం, మితిమీరిన ఎ ఎముకకు హాని చేస్తుంది. మందుల్లో గ్లూటెన్ ఉందేమోనన్న అనుమానం వస్తే ఫార్మసిస్టును అడగండి గాని, ఎంజైమ్‌ను సొంతంగా ఆపకండి. పీచు, నీళ్లు తగ్గితే ఈ పిల్లల్లో చిన్నపేగు చివర జిగట మలం అడ్డుపడే ప్రమాదం ఉంది. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, వాంతులు, మలం రాకపోవడం మూడూ కలిసి కనిపిస్తే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీరన్న ఇంజెక్షన్ బిస్‌ఫాస్ఫొనేట్ జాతి మందు. ఎముక కరగడాన్ని అది ఆపుతుంది, కరిగినదాన్ని కట్టడానికి కావలసిన సరుకును మాత్రం తెచ్చిపెట్టదు. విటమిన్ డి లోపం ఉన్నప్పుడు ఇస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవారిలో, ముఖ్యంగా మొదటి మోతాదుకు, జ్వరం, తట్టుకోలేని ఎముకల నొప్పి రావడం తెలిసిన విషయమే. ఈ వ్యాధిలో అది సాంద్రతను పెంచుతుందని తేలింది గాని, విరగడాన్ని తగ్గిస్తుందని ఇంకా రుజువు కాలేదు. పిల్లల్లో ఎముకలు విరుగుతున్నప్పుడు, ఎముకల వ్యాధుల నిపుణుల చేతిలోనే దాన్ని వాడాలి. ఎక్స్‌రేలో కుంగిన వెన్నుపూస కనిపిస్తే ఈ మాట మళ్లీ ఆలోచించవచ్చు.

ఆడుకోమనండి. గెంతడం, పరుగెత్తడం, మెట్లెక్కడం, ఒంటి బరువు ఎముకల మీద పడే ఏ ఆటయినా సరే. కఫం కదలడానికీ అదే మందు. స్టెరాయిడ్ ఎప్పుడు, ఎన్ని రోజులు వాడారో ఒక పుస్తకంలో రాసి ఉంచండి, స్కాన్ చదివేవారికి అది అవసరం.

గ్లూటెన్ మానాక ఆరు నెలలకు, ఏడాదికి యాంటీబాడీలు చూస్తారు. అవి పూర్తిగా మామూలు కావడానికి కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది. డెక్సా మాత్రం ఏడాది గడవకుండా మళ్లీ తీయించకండి. అంతకుముందు కనిపించే తేడాలో యంత్రం తప్పెంతో, ఎముక మార్పెంతో విడదీయలేం. ఈలోపు ప్రతినెలా బరువు, మూడు నెలలకోసారి ఎత్తు రాసుకుంటే స్కాన్ కన్నా ముందే మీకు విషయం తెలుస్తుంది. ఎదిగే వయసులో పేగు బాగుపడితే ఎముక సాంద్రత చెప్పుకోదగినంత కోలుకుంటుంది, పెద్దయ్యాక వ్యాధి బయటపడినవారికి లేని అనుకూలత మీ అబ్బాయికి ఉంది.

చివరగా వాడి చెల్లెలు. సీలియాక్ ఉన్నవారి తోబుట్టువుల్లో, తల్లిదండ్రుల్లో సుమారు పదిమందిలో ఒకరికి అది ఉండవచ్చు, బయటికి ఏ లక్షణమూ లేకుండా కూడా ఉండవచ్చు. అన్నకు వ్యాధి ఉందని తేలితే ఆ పాపకు, మీ ఇద్దరికీ కూడా టీటీజీ పరీక్ష చేయించండి. ఆ పరీక్ష అయ్యేదాకా మీ ముగ్గురిలో ఎవరూ గోధుమ మానకండి.